కోటయ్య గారి పొయ్యి మీద హుడ్

2001లో నేను గుడివాడలో ఉంటూ, చుట్టుపక్కల హోటళ్ళలో, కల్యాణ మండపాల్లో వంటగది హుడ్‌లు శుభ్రం చేసే పని చేసేవాణ్ణి. హుడ్ అంటే పొయ్యికి పైన బోర్లించినట్టుండే పెద్ద రేకు గూడు. పైనున్న ఫ్యాన్ పొగను లాగుతుంటే అందులోని జిడ్డు లోపలి స్టీలు ఫిల్టర్లకు అంటుకుంటుంది. మిగిలిన పొగ డక్ట్ అనే గొట్టం గుండా బయటికి పోతుంది. ఫిల్టర్లు ఊడదీసి, కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెట్టి, రుద్ది, ఆరాక మళ్ళీ బిగించాలి. పనంతా ఇంతే.

ఆ ఏడాది బందరులో ఒక మిఠాయి దుకాణం వాళ్ళు కొత్తగా హుడ్ పెట్టించుకుని దాని బాగోగులు నాకు అప్పగించారు. అక్కడ హల్వా మాస్టరు కోటయ్య గారు. అరవై దాటిన మనిషి. నేను బాబాయ్ అనేవాణ్ణి. గోధుమపాలు, బెల్లం, నెయ్యి కలిపి గంటల తరబడి తిప్పే ఆ నల్ల హల్వాను ఎప్పుడు దించాలో తక్కినవాళ్ళు గరిటె ఎత్తి చూసి చెప్పేవారు. ఆయన కళ్ళు మూసుకుని వాసన చూసి చెప్పేవారు.

మొదటిసారి ఫిల్టర్లు ఊడదీస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. గోడలు, కిటికీ ఊచలు మాత్రం జిడ్డుతో చేతికి అంటుకుంటున్నాయి.

"బాబాయ్, ఫ్యాన్ వెయ్యట్లేదా?"

"వేస్తే వాసనంతా అదే తినేస్తోందిరా. నాకేం మిగల్చట్లేదు."

"పొగకి దగ్గుతున్నారుగా."

"నలభై ఏళ్ళ నుంచీ దగ్గుతున్నా. హల్వా ఏనాడైనా దగ్గిందా?"

పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన మాటలో న్యాయం ఉందనిపించి, ఫ్యాన్‌కు రెగ్యులేటర్ బిగించి వేగం తగ్గించాను. పొగ నెమ్మదిగా పోతుంది, వాసన కాసేపు నిలుస్తుందని చెప్పాను. సరే చూద్దామన్నారు.

తర్వాతి నెల వెళ్ళేసరికి యజమాని గుమ్మంలోనే ఆపాడు.

"ఏవయ్యా, నువ్వేం బిగించావో గానీ వరసగా రెండు బాణళ్ళు మాడాయి. కోటయ్య చేతిలో మాడటం మా నాన్నగారి రోజుల్లో కూడా ఎరగం. పీకి పట్టుకుపో."

నేను జవాబు చెప్పేలోగా కోటయ్య గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ఆయన ఊరుకుంటే తప్పు ఫ్యాన్‌దయ్యేది. పొయ్యి ఆయనకే ఉండేది.

"దాన్నేం అనకండి బాబుగారూ. రెండోసారి నేనే ఆపేశాను. ఆపినా మాడింది. నాకు తెలీలేదు."

"తెలీకపోవడమేంటి కోటయ్యా? జలుబేమో."

"జలుబు కాదండీ. ఏడాదిగా వాసన తగ్గుతా వస్తోంది. ఈ ఫ్యాన్ పెట్టాక, దీనివల్లే అనుకున్నా. అలా అనుకుంటే ధైర్యంగా ఉండేది."

ఆ వారమే కోటయ్య గారిని పొయ్యి దగ్గర్నుంచి ప్యాకింగ్ బల్ల దగ్గరికి మార్చారు. పొగ వల్ల కావచ్చు, వయసు వల్ల కావచ్చు, పోయిన వాసన మాత్రం తిరిగి రాదని డాక్టరు చెప్పాడట. కొత్త మాస్టరు ఫ్యాన్ నిండా వేసుకుని పనిచేసేవాడు. హుడ్ చక్కగా పనిచేసింది. అది ఉండవలసింది ఒక ఇరవై ఏళ్ళ ముందు.

ఒకరోజు కోటయ్య గారు హల్వా ముక్క నా చేతిలో పెట్టారు.

"నెయ్యి వాసనొస్తోందా?"

"వస్తోంది బాబాయ్."

"ఎలా వస్తోంది?"

బాగా వస్తోందన్నాను. ఆయన తలూపి మళ్ళీ పొట్లాలు కట్టుకున్నారు. కొన్నాళ్ళకు దుకాణానికి రావడం మానేశారు. ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఏ వంటగదిలోనైనా ఫ్యాన్ ఆపుకుని పనిచేస్తున్న మనిషి కనిపిస్తే హుడ్ సంగతి తర్వాత మాట్లాడతాను. ముందు ఆస్పత్రికి వెళ్ళి ముక్కు, ఊపిరితిత్తులు చూపించుకోమంటాను. చాలామంది నవ్వుతారు. ఒకరిద్దరు వెళ్ళారు.