పగలు తిరిగే పురుగు

మావయ్య పోయాడన్న కబురు అందేసరికి నేను భోగాపురం దాటుతున్న బస్సులో ఉన్నాను. "తోటలోంచొచ్చి మంచమ్మీద వాలాడే. మరి లెగలేదు," అంది అత్త ఫోన్లో. ఏడుపు కూడా రాలేదు నాకు. రోడ్డు పక్క గడ్డినే చూస్తూ కూర్చున్నాను. గడ్డిని అలా చూడడం ఆయన చేసిన అలవాటే.

శృంగవరపుకోట దగ్గర ఆయన జీడితోటలో, ఎండెక్కే వేళకి ఒక నల్లటి చిన్న పురుగు తాపీగా ఎగురుతుంది. పొట్ట మీద పసుప్పచ్చ పట్టీలు, రెక్కల్లో అద్దప్పెంకుల్లాంటి మచ్చలు. ఊరంతా దాన్ని కందిరీగే అనుకుని తువ్వాలుతో కొడుతుంది. చిన్నప్పుడు నేనూ కెవ్వుమని పరిగెత్తేదాన్ని. ఓసారి మావయ్య నా జబ్బ పట్టుకుని గట్టు మీద కూలేశాడు.

"ఒసే, పేరు తర్వాత. ముందు సూడు. కందిరీగకి నడుం సన్నం. దీనికేదీ నడుం?"

దాన్ని మెల్లగా వేలి మీదికి ఎక్కించుకున్నాడు. ఎగిరిపోయాక వేలికి నల్లటి పొడి మిగిలింది. "రెక్కల పొడి. ఇది దీపం పురుగుల జాతేనే. కానీ పగలే తిరుగుతాది," అని మురిసిపోతూ ఆ పొడి నా నుదుట బొట్టుగా పెట్టాడు. పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా, తోటకి వెళ్తే నాకు ఆ బొట్టు తప్పేది కాదు.

మా వైపు మనిషి పోయాక చేసే చిన్నదినం నాటి రాత్రి, ప్రాణం పోయిన చోట బియ్యప్పిండి పరిచి, దీపం పెట్టి, తలుపు మూస్తారు. తెల్లారి పిండి మీద ఏ జీవి అడుగు కనిపిస్తే, పోయిన మనిషి ఆ జన్మ ఎత్తినట్టు. మావయ్యకి అలా పరిచిన మర్నాటి పొద్దున అందరూ వంగి చూశారు. ఒకరు కాకి కాలన్నారు, ఒకరు పిల్లి అడుగన్నారు. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆల్ల మాట నాకొద్దు. మీ మావ నీకు సూడ్డం నేర్పాడు. నువ్వు సూసి సెప్పు. ఆ పురుగై వచ్చాడేటే?"

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. అవునని చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. పిండి పరిచింది పరిచినట్టే ఉంది.

"ఏటీ లేదత్తా."

ఎవరో చీపురు తెస్తే అత్త అడ్డం కూర్చుంది. "పగలు తిరిగేది రాత్రెలాగొస్తాది? పిండి ఎత్తకండి. తలుపు తీసుంచండి."

ఎండ గడప దాటి పిండి మీదికి పాకింది. వాకిట్లోంచి నల్లటిదేదో తాపీగా ఊగుతూ వచ్చింది. "కందిరీగ!" అంటూ ఒకాయన తువ్వాలు ఎత్తాడు. అత్త ఆ తువ్వాలు లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. నన్ను దాని పేరు అడగలేదు. ఇద్దరం చూస్తున్నాం. అది గడప మీద వాలి, రెక్కలు పరుచుకుని, పిండి వైపు తిరిగింది.