పొగబండి సభలో చెప్పిన మాట

వీధిలో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ పొగబండి అనేవాళ్లు. ఒక సిగరెట్ ఆరకముందే ఇంకోటి వెలిగేది. ఆ వేళ్లతోనే బుగ్గ పట్టుకుని గడ్డం గీస్తుంటే, కుర్చీలో ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టుకునేవాళ్లు. చెయ్యి మంచిది, మాట అంతకన్నా మంచిది. అందుకే తిట్టుకుంటూనైనా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

భార్య పోయాక ఇంట్లో ఆయనా, బడిలో సైన్సు చెప్పే కూతురూ మిగిలారు. అన్నం ముందు కూర్చున్న తండ్రి దగ్గుతో మెలికలు తిరిగిపోతుంటే చూడలేక, ఒకనాడు కూతురే ఎలక్ట్రానిక్ సిగరెట్ కొనుక్కొచ్చింది. అప్పటికింకా దేశంలో వాటిని నిషేధించలేదు.

"ఇదేదో మంచిదని కాదు నాన్నా. నీ దగ్గు చూడలేకపోతున్నా."

పెన్ను చప్పరిస్తున్నట్టుందని ముందు విసుక్కున్నాడు. మెల్లగా సిగరెట్ వదిలింది, దగ్గూ తగ్గుముఖం పట్టింది.

కొన్నాళ్లకి కూతురి క్లాసులో పదమూడేళ్ల పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. బ్యాగులో చూస్తే అలాంటిదే, స్ట్రాబెర్రీ వాసనది. దాంతో ఊరంతా రెండుగా చీలింది. నిషేధించి తీరాలని కొందరు, పెద్దవాళ్ల సిగరెట్ మాన్పిస్తున్నదాన్ని తీసేస్తే ఎలాగని కొందరు. సెలూన్ కుర్చీలో వాదన ముదిరితే ఆయన, "బాబూ, ఒప్పుకోండి, ఒప్పుకోకపోండి, తల మాత్రం ఊపకండి. చేతిలో కత్తి ఉంది" అనేవాడు.

అలాంటి వాదనలోనే ఒకాయన నోరు జారాడు. "రేపు మున్సిపాలిటీ సభలో నిషేధించమని మాట్లాడేది మీ అమ్మాయేగా!"

ఇంటికెళ్లి, అంట్లు తోముతున్న కూతురి పక్కన నిలబడ్డాడు.

"నాకు చెప్పలేదేమ్మా?"

"ఇచ్చిన చేత్తోనే లాక్కుంటున్నానని అనుకుంటావేమోనని..." ఆ అమ్మాయి కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

"పిచ్చిదానా" అన్నాడు, గిన్నె అందుకుని తుడుస్తూ. "నీ పిల్లల కోసం నువ్వు మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?"

మర్నాడు సభలో కూతురు బాగానే మొదలుపెట్టింది. అంతలో వెనకనుంచి ఎవరో, "మీ నాన్నకి కొనిచ్చింది మీరే కదమ్మా!" అని అరిచారు. హాలంతా గొల్లున నవ్వింది. ఆమె తల దించుకుని చేతిలో కాగితాలు తిరగేసింది.

పొగబండి లేచాడు. ఎప్పుడూ మైకు పట్టినవాడు కాదు.

"అవునండీ, మా అమ్మాయే కొనిచ్చింది. దాని దయవల్ల సిగరెట్ మానేశా. కానీ ఇప్పుడు ఇది మానలేకపోతున్నా. నెల రోజులుగా దొంగచాటుగా ప్రయత్నిస్తున్నా, నావల్ల కావట్లేదు. ఇంత వయసొచ్చిన నా గతే ఇలా ఉంటే, పదమూడేళ్ల పిల్ల గతేంటి?"

మైకు పక్కవాళ్లకిచ్చేసి కూర్చున్నాడు. కూతురు వేదిక దిగొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. దొంగచాటు ప్రయత్నాల సంగతి ఆమెకీ అప్పుడే తెలిసింది.

చివరికి మున్సిపాలిటీవాళ్లు పళ్ల వాసనలవి అమ్మకూడదన్నారు, పిల్లలకి అమ్మితే దుకాణం మూయిస్తామన్నారు, పెద్దవాళ్లకి లైసెన్సున్న చోటే అమ్మాలన్నారు. రెండు పక్షాలకీ నచ్చలేదు. సెలూన్‌లో వాదన మాత్రం ఆగలేదు.

ఒక ఆదివారం, క్లాసులో పడిపోయిన ఆ పిల్లని వాళ్లమ్మ జుట్టు కత్తిరింపించడానికి తీసుకొచ్చింది. పిల్ల తలెత్తలేదు. ఆయన భుజాలమీద తువ్వాలు కప్పి, చిన్నగా అడిగాడు.

"ఇవాళ మనసు లాగిందా తల్లీ?"

పిల్ల అద్దంలోంచి చూసింది. "పొద్దున బాగా లాగింది. మీకు తాతయ్యా?"

"నువ్వొచ్చే ముందే. మరి ఏం చేశావ్?"

"అమ్మ పక్కకెళ్లి కూర్చున్నా."

"మంచి పని చేశావ్" అన్నాడు. దువ్వెన తడిపి, చిక్కులు నొప్పి పెట్టకుండా ఒక్కో పాయా విడదీయడం మొదలుపెట్టాడు.