అమ్మ సగంలో ఆపేసిన నాటుపాట

అందరూ రాములవారి కోసమో పర్ణశాల కోసమో భద్రాచలం వెళ్తారు. నేను మాత్రం ఒక పాటలో మిగిలిన సగం కోసం వెళ్లాను! చిన్నప్పుడు నాకు జడ వేస్తూ అమ్మ, వరినాట్లప్పుడు పొలంలో పాడుకునే నాటుపాట ఒకటి పాడేది. "వాన వచ్చె వాగు వచ్చె వదినెలారా, నారు మోసి నడుము నొచ్చె వదినెలారా..." అక్కడికి రాగానే ముసిముసిగా నవ్వుకుని ఆపేసేది. పక్కగదిలోంచి నాన్న "మిగతాది గూడ పాడరాదు" అని ఆటపట్టిస్తే దువ్వెన చూపించి బెదిరించేది. నాన్న పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి అమ్మ నోట పాట లేదు. రేడియో పెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ సగం ఏమిటని అడిగితే "యాదికి లేదు, పోవే" అంటుంది. దాన్ని పట్టుకొస్తే ఆమె మళ్లీ గొంతు విప్పుతుందేమోనని నాకు పిచ్చి ఆశ. పెళ్లికి ముందు ఆమె దుమ్ముగూడెం దగ్గర ఒక అడవిపల్లెలో టీచరుగా పనిచేసిందని మాత్రం తెలుసు. నాట్ల కాలం చూసుకుని, టేప్‌రికార్డరు సంచిలో వేసుకుని బయలుదేరాను.

ఖమ్మంలో పొద్దున ఆరింటికి బస్సెక్కాను. కొత్తగూడెం, పాల్వంచల మీదుగా మూడు గంటల పైచిలుకు ప్రయాణం, టికెట్టు అరవై రూపాయల లోపే. కొత్తగూడెం దాటాక కిటికీ పక్క సీటు దొరికితే ప్రాణం పోయినా వదలకండి. వానకు తడిసిన టేకుచెట్ల మధ్య రోడ్డు అలా మెలికలు తిరుగుతూనే ఉంటుంది. గోదావరి వంతెన మీద ఎర్రటి వరదనీళ్లు చూసి నేను లేచి నిలబడిపోయాను, కండక్టరు కసిరి కూర్చోబెట్టాడు. భద్రాచలంలో వేడివేడి ఇడ్లీ తిని, దుమ్ముగూడెం వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ఇరవై రూపాయలు. డ్రైవరు సినిమా పాటలు చెవులు చిల్లులు పడేలా పెట్టాడు. నా సంగతి విని పాట ఆపేశాడు.

"పాట కోసం గింత దూరమా మేడం? క్యాసెట్ దొరకదా?"

"ఆ పాట ఏ క్యాసెట్‌లోనూ లేదు బాబూ."

"అట్లయితే జల్దీ నడువుండ్రి. గీ దారిల ఆటో పోదు, వాగు పారుతున్నది. మోకాళ్ల దాకే, భయపడకుండ్రి" అని మట్టిరోడ్డు మలుపులో దించాడు.

వాగు దాటి అరగంట నడిస్తే ఊరు. ఊరి మొదట్లోనే పొలంలో పదిమంది ఆడవాళ్లు వరుసగా వంగి నాటు వేస్తున్నారు. ఆ బారును అక్కడ మునుం అంటారు. అమ్మ పేరు చెప్పగానే వాళ్లలో పెద్దామె కన్నమ్మ నడుము పట్టుకుని లేచింది. "మా పంతులమ్మ బిడ్డవా!" అని బురద చేత్తోనే నా గడ్డం పట్టుకుంది. నా ఆనందం ఇంతా అంతా కాదు. గబగబా టేప్‌రికార్డరు తీసి, పాట పాడమన్నాను.

అందరూ నవ్వారు. "ఒడ్డు మీద నిలబడ్డోళ్లకు నాటుపాట పాడరు బిడ్డా. చేతులు బురదల ఉంటేనే పాట. దిగు" అంది కన్నమ్మ.

ఇంకేం, చీర ఎగదోపుకుని దిగాను. మోకాళ్ల దాకా కూరుకుపోయాను. నాలుగు మొక్కలు నాటానో లేదో, నా బారు పక్కామె బారులోకి వెళ్లిపోయింది. అంతే, పాట లేచింది. మొదటి రెండు పంక్తులూ నాకు తెలిసినవే. ఆ తర్వాత పదిమందీ నా వైపు తిరిగి అందుకున్నారు:

"పలక మీద గీత గీసె పంతులమ్మా,
పొలములోన మునుం తప్పె పంతులమ్మా!"

"గిది మీ అమ్మ మీద కట్టినదే" అంది కన్నమ్మ. "బడి సెలవునాడు మాతోటి దిగి, నీ లెక్కనే వంకర నాటింది." అమ్మ ఎందుకు ఆపేసేదో అప్పుడు అర్థమైంది. కొత్తగా మునుంలోకి దిగినవాళ్లను ఇలా ఆటపట్టించడం అక్కడి ఆచారమట. మాట పడ్డవాళ్లు తిరిగి పాటతోనే జవాబు కట్టాలి. "మీ అమ్మ ఊకున్నదా? మమ్మల్నే నవ్వులపాలు చేసింది. ఏమన్నదో మేం చెప్పం. ఎవరి జవాబు వాళ్ల నోటితోనే రావాలె" అంది. నా జవాబు మాత్రం రాలేదు, నవ్వాగితే కదా! మధ్యాహ్నం వాళ్ల సద్దిలో ఎండుచేపల పులుసు, చింతకాయ తొక్కు తిన్నాను. టేపు నొక్కడం పూర్తిగా మరిచిపోయాను.

సాయంత్రం భద్రాచలం బస్టాండులో రూపాయి బిళ్లల ఫోను పట్టుకున్నాను. అమ్మ "హలో" అనగానే, చుట్టూ జనం చూస్తున్నా సరే, "పలక మీద గీత గీసె..." అని ఎత్తుకున్నాను. అమ్మను ఏడిపించానేమోనని భయమేసింది.

"ఎవలు చెప్పిన్రే నీకు? కన్నమ్మనా? మంచిగున్నదా?"

"అవ్ అమ్మా. నీ జవాబు నువ్వే పాడాలన్నది."

గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. జీరబోయిన గొంతే, అయినా శ్రుతి తప్పలేదు:

"మునుం తప్పితేమి గాని వదినెలారా,
మీ సద్ది ముంత ఖాళి చేస్తి వదినెలారా!"

పాడి, పకపకా నవ్వింది. ఏడాది తర్వాత విన్న నవ్వు. ఇక్కడ నేను బూత్ అద్దానికి తల ఆనించి ఏడుస్తున్నాను. "మీ నాన్నకు గీ చరణమంటే పానం" అంది. ఆ వెంటనే, "మళ్ల పోయేటప్పుడు నన్ను గూడ తీస్కపో" అంది.

ఇష్టమైన పాటలంటే మన దగ్గర దాచుకున్నవే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. మనవాళ్ల మీద కట్టిన పాటను మనకు తెలియకుండా ఎక్కడో ఎవరో ఏటేటా పాడుకుంటూ ఉంటారని తెలిశాక, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే గాని నిద్ర పడితే ఒట్టు. మీరూ ఆ వైపు వెళ్తే ఒక్క మాట: నాట్లు పడే రోజుల్లోనే వెళ్లండి, మారుబట్టలు తప్పకుండా పెట్టుకోండి. పాడమని ఎవరినీ అడగకండి, చెప్పులు ఒడ్డున విప్పి పొలంలోకి దిగండి.