తువ్వాల మీద కొన్న హెల్మెట్

పైకప్పూ ముందద్దమూ లేని నా పాత జీపును ఔత్సాహికుల మట్టిబాట పందెంలో దింపాలనుకున్నాక, హెల్మెట్ కోసం నారాయణఖేడ్‌లోని ఒక దుకాణానికి వెళ్లాను. వెంట నా భార్య కూడా వచ్చింది. గడ్డం దాకా మూసే హెల్మెట్ ఉండాలన్నది పందెం షరతు. దుకాణదారు అలాంటివి మూడు తీసి ముందు పెట్టాడు.

మా దగ్గర మగవాళ్లు ఎండకూ చెమటకూ తలకు తువ్వాల చుట్టి, దాని మీదే హెల్మెట్ పెట్టుకుంటారు. నేనూ అలాగే పెట్టి చూశాను. మొదటి రెండూ దిగలేదు. మూడోది, అన్నిటికన్నా పెద్దది, బిగుతుగా దిగింది. తల ఎంత ఊపినా కదల్లేదు.

"ఆ తువ్వాల తీసి సూడరాదు ఒక్కసారి?" అంది నా భార్య.

"గీ ఎండల తువ్వాల లేకుంట ఎవరు పెట్టుకుంటరు?" అని కసిరాను. దుకాణదారు కూడా నాకే వంతపాడాడు.

పందెం రోజు తనిఖీ చేసే ఆయన మొదట తువ్వాల తీసేయమన్నాడు. తీసి హెల్మెట్ పెట్టుకున్నాను.

"ఎడమకు తిరుగు" అన్నాడు.

నేను తిరిగాను. హెల్మెట్ మాత్రం ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. నాకు లోపలి మెత్త తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన నవ్వు మాత్రం బాగా వినిపించింది.

నన్ను పందెంలోకి దిగనివ్వలేదు. తిరిగి నారాయణఖేడ్ చేరాక నా భార్య తువ్వాలను చక్కగా చుట్టి హెల్మెట్‌లో కూర్చోబెట్టింది.

"మల్ల పందెంల జీపు దీన్నే తోలుమను. కొలత దీనిదే ఇచ్చినవు గద!"