కోర్ బీ గ్యోక్ కట్టిన కాగితం కంప్యూటర్

మలేషియాలోని పెనాంగ్‌లో చీనావాళ్ళు చచ్చాక వాళ్ళకి ఏం కావాలన్నా బీ గ్యోక్ కొట్టుకే రావాలి. ఇల్లు, కారు, పనిమనిషి, సెల్‌ఫోను, అన్నీ వెదురు బద్దలతో, రంగు కాగితంతో కట్టి ఇస్తుంది. ఇంటివాళ్ళు తగలబెడతారు. పొగైపోయిన సరుకు అవతలివాళ్ళకి అందుతుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "చచ్చినవాళ్ళు వంకలు పెట్టరు, మొగుడైతే పెడతాడు" అంటుంది.

తండ్రి ఆవిడకి రెండే నేర్పాడు. ఒకటి వెదురు చీల్చడం. రెండోది లెక్క: శుభానికి జత, చావుకి ఒంటి. చచ్చినవాళ్ళకి ఏదిచ్చినా ఒకటో మూడో ఇవ్వాలి. జతగా ఇచ్చామా, రెండోవాళ్ళని రమ్మని పిలిచినట్టే.

మోటార్‌సైకిల్ మీంచి పడి చచ్చిపోయిన కుర్రాడు కియాన్ బూన్‌కి కంప్యూటర్ కావాలని వాళ్ళమ్మ వచ్చింది. వెంట కూతురు హుయ్ లిన్, పదిహేడేళ్ళది. ఆ పిల్ల చేతిలో నలిగిన కాగితం ఉంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ రెండేళ్ళు కూర్చుని ఏరుకున్న భాగాల జాబితా.

"అక్కా, నలభైతొమ్మిదో రోజు కర్మకి కావాలి. ఏ ముక్కా మారకూడదు. వాడు కొనుక్కోకుండానే పోయాడు" అంటూ కళ్ళు తుడుచుకుంది తల్లి.

"నేను కంప్యూటర్ ముట్టుకున్న పాపాన పోలేదు. ఈ పిల్లని రోజూ పంపు, చెప్తూ ఉంటుంది, నేను కడతాను."

మర్నాటి నుంచి హుయ్ లిన్ బడి వదలగానే కొట్టుకి వచ్చేది. కొలతబద్ద పట్టుకుని అచ్చం మేస్త్రీలా అజమాయిషీ చేసేది.

"గ్రాఫిక్స్ కార్డు ముప్పైమూడు సెంటీమీటర్లు అవ్వా. నీ పెట్టె ముప్పైకే అయిపోయింది. పట్టదు."

"ఓ రెండు వేళ్ళు మడిస్తే పోదూ?"

"మడిస్తే ఆటెలా ఆడతాడు?"

పెట్టె విప్పి మళ్ళీ కట్టింది బీ గ్యోక్. పక్క అద్దానికి బదులు లోపలిది కనబడే గాజు కాగితం అతికించింది, వేడి తగ్గించే నీళ్ళ గొట్టాలకి నీలం దారం చుట్టింది. ముందు మూడు ఫ్యాన్లు గుండుసూదుల మీద తిరిగేలా అమర్చింది. పవర్ సప్లై దగ్గర మాత్రం విసుక్కుంది. "అడుగున దాక్కునే డబ్బాకి ఇంత పనా? వెయ్యి వాట్లట! అక్కడ కరెంటు ఎవడిస్తాడే?"

"అదే లేకపోతే మిగతాదంతా బొమ్మే అవ్వా. ప్రాసెసర్‌కీ, కార్డుకీ తిండి పెట్టేది అదే."

ఆఖరికి ర్యామ్ దగ్గర తగువొచ్చింది. రెండు కావాలంది పిల్ల.

"ఒకటే ఇస్తా. చావుకి జతలు కట్టను."

"ఒక్కటే పెడితే నత్తలా నడుస్తుంది. రెండూ ఒకేసారి పని చేస్తాయి అవ్వా, అందుకే జతగా అమ్ముతారు."

"అయితే మూడు పెడతా."

"మూడు పెడితే కుదురుగా ఉండదు. మరి బూట్లు కడతావుగా? ఒంటికాలి బూటు ఇస్తావా?"

బీ గ్యోక్ గోడకి వేలాడుతున్న కాగితం బూట్లకేసి చూసింది. నలభైయేళ్ళుగా బూట్లు కడుతోంది. "బూట్ల జతంటే ఒకటి కిందే లెక్క" అంది చివరికి.

"ఇదీ ఒక జతే!"

పిల్ల మాటకి పడిపోయింది ఆవిడ. పోనీలే అని రెండూ కట్టి, పక్కపక్కన అతికించింది. అదే తప్పయింది.

మర్నాడు హుయ్ లిన్ వస్తూనే అంది, "మూడో ఫ్యాన్ రెక్క ఒకటి లోపలివైపు జిగురుకి అంటుకుపోయిందట. అన్న చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడే?"

"కలలో. మొన్నటిదాకా రాలేదు, నిన్నే వచ్చాడు."

బీ గ్యోక్ గాజు కాగితం ఎత్తి వేలు దూర్చింది. రెక్క నిజంగానే అంటుకుని ఉంది. కొట్టుకి తాళం వేశాక లోపలికి చూసినవాళ్ళెవరూ లేరు. రెక్క విడదీసింది. పైన ఫ్యాన్ ఆపి ఉంది, గాలన్నది లేదు. అయినా మూడు కాగితం ఫ్యాన్లూ మెల్లగా తిరగడం మొదలెట్టాయి.

ఆ తర్వాత రోజూ ఏదో ఒక కబురు. మౌస్ ఇంకోటి కావాలన్నాడు. కుర్చీ ఇంకోటి కావాలన్నాడు. చివరికి హెడ్‌సెట్ ఇంకోటి కావాలన్నాడు.

"ఎవరికే ఆ రెండోది?" అంది బీ గ్యోక్.

పిల్ల అమాయకంగా నవ్వింది. "ఆటకి ఇద్దరుండాలి కదా అవ్వా. మేమిద్దరం ఎప్పుడూ ఒకే జట్టు."

బీ గ్యోక్ జిగురు కుంచె పక్కన పెట్టి పిల్ల మొహంలోకి చూసింది. ఆ పిల్ల బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. ఎప్పటినించో, తనే చూసుకోలేదు.

మౌసూ, కుర్చీ, హెడ్‌సెట్ ఒక్కొక్కటే ఇచ్చింది. ఏడువారాలూ నిండిన రోజు పొద్దున్నే, పిల్ల రాకముందే, వెదురు కత్తితో రెండో ర్యామ్ కోసి బయటికి తీసింది. కోస్తుంటే ఎండుకాగితం పచ్చి తొక్కలా సాగింది. ఊడి రాగానే ఫ్యాన్లు మూడూ ఆగిపోయాయి.

సాయంత్రం ఖాళీ స్థలంలో నిప్పు పెట్టారు. గాజు కాగితం ముడుచుకుంది, నీలం గొట్టాలు ఎర్రబడ్డాయి. తల్లి కొడుకు పేరు పిలుస్తూ, "వచ్చి తీసుకో నాయనా" అని ఏడుస్తోంది. అప్పుడు చూసింది బీ గ్యోక్. హుయ్ లిన్ మెడలో కాగితం హెడ్‌సెట్ ఉంది. కొట్టులో మిగిలిన ముక్కలతో తనే చేసుకుంది. చెవులకి ఎక్కించుకుని, మంటవైపు అడుగేసింది.

"వస్తున్నా, వస్తున్నా. ఆట మొదలెట్టెయ్యకు" అంటోంది మెల్లగా.

బీ గ్యోక్ ఉరికి మణికట్టు పట్టుకుంది. నలభై కిలోలుండదు ఆ పిల్ల, కానీ రెండో చేతిని అవతలనుంచి ఎవరో లాగుతున్నట్టు బరువు. మడమలు మట్టిలో దిగబడ్డాయి.

"ఒరేయ్ కియాన్ బూన్! నీకిచ్చింది ఒంటిదే! ఒంటిగానే ఆడుకో!" అని మంటలోకి అరిచి, పిల్ల చెవుల మీది కాగితాన్ని లాగేసింది. మంటలో పడనివ్వకుండా రవికలో కుక్కుకుంది. పడితే అవతలికి చేరిపోతుంది కదా.

పెట్టె ఒక్కసారిగా కూలింది. బరువు తెగింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు.

"అవ్వా, చెయ్యి వదులు, నొప్పెడుతోంది" అంది హుయ్ లిన్, ఇప్పుడే నిద్రలేచిన గొంతుతో.

ఇప్పుడా పిల్ల మళ్ళీ కాస్త ఒళ్ళు చేసింది. అప్పుడప్పుడు కొట్టుకొచ్చి మూతి ముడుచుకుంటుంది. "ర్యామ్ ఒకటే పెట్టావుట. ఆట ఆగి ఆగి నడుస్తోందని తిడుతున్నాడు."

"తిట్టనీవే. తిట్టేవాడు అక్కడ, వినేదానివి ఇక్కడ. అలాగే ఉండండి."

రెండో ర్యామూ, ఆ హెడ్‌సెట్టూ బిస్కెట్ల డబ్బాలో పెట్టి పైఅరలోకి ఎక్కించింది. తగలబెట్టడానికి లేదు, పారెయ్యడానికి ధైర్యం లేదు. వాన పడే సాయంత్రాలు డబ్బా వెచ్చబడుతుంది. లోపల సన్నగా, ఎవరో ఎవర్నో పిలుస్తున్నట్టు ఉంటుంది. మొదట్లో ఆ పిల్ల పేరే వినబడేది. ఈమధ్య పిలుపు పొడవైంది, ఆ పేరు వెనకాలే తన పేరూ వినబడుతోంది.

బీ గ్యోక్ రేడియో గొంతు పెంచి, వెదురు చీలుస్తూ కూర్చుంటుంది.