చెంబులో నీళ్లు తగ్గాయా

నిన్న మనుమరాలు ఇత్తడి చెంబును గచ్చు మీద ఠంగుమని పెట్టింది. చేతిలో ఫోను, అందులో అప్పుడే అయిపోయిన సినిమా. "బాపమ్మా, గా పిల్ల నిజంగనే ఇంటికి పోయిందా, కల కన్నదా? ఆఖర్ల ఏం చెప్పకుంటనే ఆపేసిండ్రు" అంది. చెంబు సొట్ట పడుతుందని తిట్టాను. ఆ చెంబు మా పక్కింటి నర్సక్కది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు ఆమె అరుగే కనబడుతుంది.

నేను కోడలిగా మానేరు ఒడ్డునున్న ఆ ఊరికి వచ్చేనాటికి నిజాం పోయి చాలా కాలమైంది. నేతవాళ్ల బతుకు మాత్రం మగ్గం గుంటలోనే ఉంది. నర్సక్క పెనిమిటి మల్లేశం బొంబాయి దగ్గరి బీవండికి, బట్టల మిల్లుల్లో పనికి పోయాడు. మొదట్లో ఊరికి వచ్చేవాళ్లతో కబురు పంపేవాడు. తర్వాత అదీ ఆగింది. ఆమె రోజూ పొద్దున్నే ఈ చెంబు నిండా నీళ్లు పోసి అరుగు మీద పెట్టేది, దూరం నుంచి వచ్చిన మనిషికి కాళ్లు కడుక్కోవడానికి. సాయంత్రం ఆ నీళ్లు చెట్టుకు పోసేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

మధ్యాహ్నం మా వాడకట్టు ఆడవాళ్లమంతా ఆ అరుగు మీదే రాట్నాలు పెట్టుకొని మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్లం. కోతలయ్యాక ఊరి బయట డేరా టాకీసు దిగేది. అందరం పోయే స్థోమత ఎక్కడిది? తలా ఇన్ని పైసలు వేసి నర్సక్క ఒక్కదాన్నే పంపేవాళ్లం. మరునాడు ఆమె సినిమా అంతా మాకు చెప్పాలి. ఒక జత కళ్లతో వాడకట్టంతా చూసేది. దుబారా అంటే గిట్టని నాకు ఆ పద్ధతి మొదటిరోజే నచ్చింది. ఒకసారి ఆమె చెబుతుంటే నడుమ దూరి, "ఆళ్లిద్దరికి లగ్గం అయ్యే ఉంటది" అన్నాను. నర్సక్క రాట్నం ఆపింది.

"చూసినవా నువ్వు?"

"లేదక్కా, అట్లనే ఉంటది గద."

"చూసిందే చెప్పాలె పిల్లా. తెగిన పోగుకు ముడెయ్యచ్చు. లేని పోగుకు ఏడ ముడేస్తవు?"

బడిలో మూడో తరగతి దాటలేదు నేను. నాకు చదువంటే అదే.

ఆ ఏడు వచ్చిన సినిమాలో ఒకడు యుద్ధానికి పోతాడు. పెళ్లాం గడప దగ్గర చెంబు పెట్టుకొని, గుంజకు ఆనుకొని కూర్చుంటుంది. ఆఖర్లో మొగుడు వస్తాడు, కాళ్లు కడుక్కుంటాడు, నీళ్లు తాగుతాడు. మళ్లీ చూస్తే ఆమె గుంజకు ఆనుకొనే ఉంది, కళ్లు మూసి. కళ్లు తెరిస్తే ఎవరూ లేరు. చెంబు దగ్గరికి లాక్కొని లోపలికి వంగి చూస్తుంది. అంతే, శుభం.

"నీళ్లు తగ్గినయా లేదా?" అందరం ఒక్కసారే అడిగాం.

"చెంబు లోపల చూపియ్యలే."

"కలనే. యుద్ధానికి పోయినోళ్లు నడిచొస్తరా?" అంది మా అత్త.

"కలైతే కాళ్లు కడుగుడు ఎందుకు చూపిస్తరొదినె?" అంది ఎదురింటి లస్మక్క.

"డేరోడు కోసిండు. రెండో ఆట జల్ది పెట్టాలెనని బొమ్మ కత్తిరిచ్చిండు" అంది ఇంకొకామె.

ఆ మాట అందరికీ నిజమనిపించింది. తెగిన ముక్క వాడి దగ్గరే ఉంటుంది, అడిగి రమ్మని నర్సక్కను పంపాం. ఆమె పోయి నవ్వుకుంటూ వచ్చింది. "పాటలైతే కోస్తనక్కా, శుభం కోసి ఏం జేసుకుంట అన్నడు" అని చెప్పింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే ఆఖరు.

ఆ చలికాలంలో, మా ఊరి నుంచే మిల్లు పనికి పోయిన బాలయ్య బీవండి నుంచి వచ్చాడు. మల్లేశానికి జ్వరం తగిలిందని, పోయాడని చెప్పాడు.

"నువ్వు చూసినవా తమ్మీ?"

"చూడలేదక్కా. దవఖానకు తీస్కపోయిండ్రు, మళ్ల రాలే. పోయిండన్నరు."

"అన్నరు" అంది నర్సక్క. చెంబు నింపుతూనే ఉంది.

కానీ ఆమె మరిది రాజన్న బిడ్డకు సంబంధం కుదిరింది. కర్మ చేయని చావు ఇంట్లో ఉండగా లగ్గం ఎట్లా అన్నారు కులపెద్దలు. రాజన్న వచ్చి అరుగు కింద కూర్చున్నాడు. "వదినే, నీ కాళ్లు మొక్కుత. పిల్ల సంబంధం పోతది" అన్నాడు.

"చూడందాన్ని అయిందని ఎట్ల అనాలె రాజన్నా?"

అతను ఏడ్చాడు. వాకిట్లో పెళ్లిపిల్ల తల వంచుకొని నిలబడి ఉంది. నర్సక్క ఆ పిల్లనే చాలాసేపు చూసింది. ఆ వారంలోనే చేతులు చాపింది. మానేరు ఒడ్డున గాజులు పగలగొట్టారు. "ఏడ్వక్కా, ఏడ్వకుంటె మందేమంటరు" అని వీపు నిమిరారు. ఆమె ఏడవలేదు. ఇంటికొచ్చి చెంబులో నీళ్లు వాకిట్లో కుమ్మరించి, దాన్ని అరుగు మూలకు బోర్లించింది. లగ్గం బాగానే జరిగింది. విధవ కనుక ఆమె ముందుకు రాలేదు.

మరుసటేడు డేరా మళ్లీ దిగింది, అదే సినిమాతో. ముండమోసిన మనిషిని సినిమాకు పంపితే లోకం నవ్వుతుందని ఈసారి నన్ను పంపారు. మరునాడు నర్సక్క నేర్పినట్టే, చూసిందే చెప్పాను. చెంబు దగ్గర ఆగాను. మళ్లీ పాత పంచాయితీ మొదలైంది, తగ్గినయి, తగ్గలే అని. గడప లోపల కండె చుట్టుకుంటున్న నర్సక్క తల ఎత్తకుండానే అంది:

"కలనే. అండ్ల చూసేదేమున్నది."

రాట్నాలన్నీ ఆగిపోయాయి. లేని పోగుకు ముడి వేయొద్దన్న మనిషి ఆ ముడి తానే వేసింది. వేయించింది మేమంతా కలిసి. మల్లేశం చచ్చిపోయాడని తేలిపోతే ఆమె బతుకు కుదుటపడుతుందని అందరూ అనుకున్నారు. మనిషి ఎండిపోయింది. అన్నం తినేది, కండెలు చుట్టేది, ఏ మాటా అడిగేది కాదు. కొన్నేళ్లకు అట్లాగే పోయింది. ఆ అరుగు మీద మళ్లీ ఎవరూ సినిమా చెప్పలేదు. ఆమె సామాను పంచుకునేటప్పుడు నేను ఈ చెంబు ఒక్కటి అడిగి తెచ్చుకున్నాను.

నాకు ఎదురుచూడవలసిన వాళ్లు ఎవరూ లేరు. నా పెనిమిటి నా కళ్ల ముందే పోయాడు. అయినా రోజూ చెంబు నింపి గడప దగ్గర పెడతాను.

"చెప్పు బాపమ్మా, కలనా నిజమా?" మనుమరాలు ఈ పొద్దున మళ్లీ అడిగింది.

"వాళ్లు చూపిచ్చిండ్రా?"

"లేదు."

"మరి నన్నెందుకు అడుగుతవు?"

అది మూతి తిప్పుకొని పోయింది. నేను చెంబులోకి వంగి చూశాను. నిన్న నింపినప్పటి కంటే నీళ్లు కొంచెం తగ్గాయి. ఎండకు తగ్గుతాయని నాకు తెలుసు. ఎండకే తగ్గాయని మాత్రం ఎవరితోనూ అనను.