పసుపు పట్టిన రెండు కిలోల రాయి

1964 మొదట్లో నన్ను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా గూడూరుకు బదిలీ చేశారు. వీశలు, మణుగులు పోయి కిలోలు వచ్చి అప్పటికి కొన్నేళ్లే అయింది. అంగళ్లలోని తూకపు రాళ్లను మా ప్రామాణిక రాళ్లతో సరిచూసి, సరిపోతే అడుగున ఉండే సీసపు బిళ్ల మీద ముద్ర కొట్టడం నా పని. ముద్ర లేని రాయితో అమ్మితే కేసు. అందుకని మమ్మల్ని చూస్తే జనం పోలీసులను చూసినట్టు తలుపులు మూసేవారు.

ఉగాది ముందు రోజు, కోట అనే ఊరు దాటి సముద్రం వైపున్న ఒక పాళేనికి వెళ్లాను. చేపలు పట్టే కుటుంబాల ఊరది. ఊరంతటికీ ఒకటే అంగడి, రమణయ్య శెట్టిది. కొత్త సంవత్సరానికి గోడలకు సున్నం పడింది, గుమ్మానికి మామిడాకులు ఎక్కాయి. ఇక రాళ్లకు ముద్ర పడితే తెల్లవారి పూజ చేసుకుని బోణీ చేయవచ్చు. ఉగాది బోణీ ఎలా ఉంటే ఏడాదంతా అలాగే ఉంటుందని శెట్టికి గట్టి నమ్మకం.

రెండు కిలోల రాయి చేతికి తీసుకుంటే ఇనుము ఎక్కడా కనబడలేదు. ప్రతి శుక్రవారం శెట్టి భార్య దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేది. ఉప్పుగాలికి తుప్పు లేచి గరుకెక్కడంతో, రాసిన పసుపు రాసినట్టే పట్టుకుని పెచ్చులు కట్టింది. అడుగున పాత ముద్ర సంగతి దేవుడెరుగు. కడిగి తెమ్మన్నాను. శెట్టి చేతులు జోడించాడు.

"లచ్చిందేవి సార్ అది. పండగ ముందర లచ్చిందేవిని తోమితే ఈ అంగిట్లో ఇంకేం నిలస్తాది?"

మా నిబంధనల్లో లక్ష్మీదేవి ప్రస్తావన లేదు. సరే, ఉన్నదున్నట్టే కాటాలో పెట్టాను. మా రాయి ఉన్న పళ్లెం పైకి లేచింది. శెట్టి ముఖం వెలవెలబోయింది. జైలా, జరిమానానా అని మెల్లగా అడిగాడు. రాయి తక్కువ కాదు, ఎక్కువ ఉందనీ, ఇన్నాళ్లూ తూచిన ప్రతిసారీ అతను గుప్పెడు ఎక్కువే పోస్తున్నాడనీ చెప్పాను.

శెట్టి బస్తా మీద కూలబడ్డాడు. "ఎచ్చు పోసింది నేనా? బస్తాకు బస్తా తరుగొస్తావుంటే ఎలకలనుకున్నానే. రెండు పిల్లుల్ని సాకతా ఉండానే సార్."

మరు నిమిషంలో లక్ష్మీదేవి పెరట్లో ఉంది. శెట్టే స్వయంగా చింతపండు, ఇసుక వేసి తోమాడు. భార్య ఏదో అనబోయి, అతను చూసిన చూపుకు లోపలికి వెళ్లిపోయింది. తుప్పు రాలేసరికి రాయి ఈసారి కాస్త తక్కువ తూగింది. మరమ్మతుకు ఇన్‌స్పెక్టరు చెయ్యి పెట్టకూడదు. నా వెంట వచ్చిన లైసెన్సు మరమ్మతుదారు అడుగు గుంటలో సీసం పోసి సరిచేశాడు, నేను ముద్ర కొట్టాను. ఆ పూట ఆ తీరంలో అంత కచ్చితమైన రాయి మరొకటి ఉండి ఉండదు. నాకు గర్వంగానే అనిపించింది.

అంతలో పోలమ్మ అనే పెద్దావిడ పండగ బియ్యానికి కుండ పట్టుకొచ్చింది. వెనకాల మరికొందరు ఆడవాళ్లు, వాళ్ల కుండలు. రెండు కిలోలు తూచి పోస్తే బియ్యం ఎప్పుడూ పోలమ్మ కుండ అంచుకు వచ్చేవట. ఆరోజు కిందే ఆగాయి.

ఏందని ఆమె అడగడమే ఆలస్యం, "రాయి సార్ సరిచేసినాడమ్మా" అని శెట్టి నన్ను చూపించాడు.

నేను పెట్టె తెరిచి, ముఖమల్ గుడ్డలోంచి మా ఇత్తడి రాయి తీసి, రెండూ సమానంగా తూగడం చూపించి, కిలో అంటే ఏమిటో చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పోలమ్మ ఓపిగ్గా విన్నది.

"నీ పెట్టె సంగతి నాకు తెలీదు సామీ. నా కుండ నిండలా. గవర్మెంటోళ్లు తోమి తోమి రాయిని అరగదీసినారు. శెట్టీ, పసుపు రాసి మళ్లా తూస్తావా, రేపు మమ్మల్ని పక్క పాళేనికి పొమ్మంటావా?"

వెనకున్నవాళ్లు కుండలు చంకనెత్తుకున్నారు. ఉగాది బోణీ శెట్టి కళ్లముందే పక్క ఊరికి నడిచిపోతోంది. అతను పసుపు డబ్బా వంక చూశాడు, నా వంక చూశాడు. ముద్ర కొట్టిన రాయి బరువు మార్చడం నేరమని నేను చెప్పక తప్పలేదు. నిజంగా జాలి వేసింది.

శెట్టి బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు బియ్యం తీసి కుండలో పోశాడు. "కొసరు సార్" అన్నాడు నాతో. బియ్యం అంచుకు వచ్చాయి. పోలమ్మ కదలలేదు.

"ఇది పాత తూకానికి సరిపోయింది. మరి కొసరేదీ?"

శెట్టి నా వైపు చూడకుండా ఇంకో గుప్పెడు పోశాడు. ఎత్తిన కుండలన్నీ కిందికి దిగాయి.

కొసరు తూకం కాదు కనుక మా చట్టం పరిధిలోకి రాదు. నేను ఆపిన గుప్పెడు కొసరు పేరుతో పోయింది, అసలు కొసరు దాని మీద పోయింది. అంగట్లో మారిందల్లా రాయి శుభ్రపడటం. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఉద్యోగం చేశాను. ముద్ర కొట్టి, సంతకం తీసుకుని, మొదటి గిరాకీ రాకముందే వీధి మలుపు తిరగడం అక్కడే నేర్చుకున్నాను.